పేరు పెట్టి వెళ్ళిపోయినవాడు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో 1976 బ్యాచ్ విద్యార్థి, మానసిక వైద్యుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నెల క్రితం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరు గారూ, మానసిక ఒత్తిడిని జయించడం ఎలా అన్న విషయం మీద ఓ అరగంట మాట్లాడాలి" అన్నారు. ముప్పై ఐదేళ్ళుగా ఆ మాటలే చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్ళు కూడా వినడం మానేశారు. "ఈసారికి ఒక గిటారిస్టు కథ చెబుతాను, కాదనకండి" అని బతిమాలుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే కానీ, మన బడికి సంబంధించిన మాట ఒకటైనా ఉండాలి" అన్నారు. ఉంది. చివర్లో ఉంది. అంతవరకు ఓపిక పట్టండి.

మాది విశాఖపట్నం బడి కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. మన రోజుల్లో ప్రతి క్లాసులోనూ ఓడల మీద పనిచేసే బంధువు ఉన్నవాడు ఒకడుండేవాడు. మా క్లాసులోనూ ఉండేవాడు. వాడి మేనమామ ఏడాదికోసారి ఓడ దిగి వచ్చేవాడు. వస్తూ వస్తూ గ్రామఫోను రికార్డులు తెచ్చేవాడు. మా వాడు చర్చి పాటల బృందంలో గిటారు వాయించేవాడు. పదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం సాయంత్రం నన్ను ఇంటికి తీసుకెళ్ళి, "ఇది విను. ఇందులో మాటలుండవు" అని ఒక చిన్న రికార్డు పెట్టాడు.

ఆ రికార్డు పేరు 'ఆల్బట్రాస్'. అదొక సముద్రపు పక్షి. రెక్కలు విప్పితే కొన్ని జాతుల్లో పది అడుగులు దాటుతుంది. రెక్క ఆడించకుండా గాలి మీద గంటల తరబడి పోగలదట. ఆ సంగీతం కూడా అలాగే ఉంది. డ్రమ్ము మీద మెత్తటి కర్రలతో అల వచ్చి వెనక్కి వెళ్ళినట్టు ఒక మోత. దాని పైన తొందరేమీ లేని గిటారు. మూడు నిమిషాలే. ఆ సాయంత్రం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. వాళ్ళమ్మగారు వచ్చి "సూది అరిగిపోతుందిరా" అని కేకలేసేదాకా విన్నాం.

రికార్డు మీద 'ఫ్లీట్‌వుడ్ మ్యాక్' అని రాసి ఉంది. ఆ గిటారు వాయించినవాడి పేరు ఫ్లీట్‌వుడ్డో, మ్యాకో అయి ఉంటుందని చాలా ఏళ్ళు అనుకున్నాను. రెండూ కావు. వాడి పేరు పీటర్ గ్రీన్. బ్యాండు పెట్టింది అతనే, ఆ పేరు పెట్టింది అతనే. అందులో తన పేరు మాత్రం పెట్టుకోలేదు. ఇవాళ చెప్పబోయే కథంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది.

పీటర్ 1946 అక్టోబరు 29న తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో ఒక సాధారణ యూదు కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరు గ్రీన్‌బామ్. యూదుడని చిన్నప్పుడు తోటిపిల్లలు ఏడిపించేవారు. ఆ గాయం పెద్దయ్యాక కూడా మానలేదని అతణ్ణి ఎరిగినవాళ్ళు చెబుతారు. గ్రీన్‌బామ్ కాస్తా తర్వాత గ్రీన్ అయింది. మొదటి నాలుగు స్వరాలు అన్నయ్య నేర్పాడు. మిగిలిందంతా రికార్డులు విని తనే నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళకే బడి మానేసి మాంసం కొట్టులో పనికి కుదిరాడు. సాయంత్రాలు చిన్న చిన్న బ్యాండ్లలో మొదట బేస్ గిటారు, తర్వాత మామూలు గిటారు వాయించాడు. అలాంటి ఒక బ్యాండులోనే 1966లో మిక్ ఫ్లీట్‌వుడ్ అనే పొడుగాటి డ్రమ్మరు పరిచయమయ్యాడు.

ఆ రోజుల్లో లండన్ కుర్రకారుకి బ్లూస్ పిచ్చి. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతివాళ్ళ కష్టంలోంచి పుట్టిన పాట. దాన్ని ఇంగ్లండులో నేర్పే గురుకులం లాంటిది జాన్ మేయల్ నడిపిన 'బ్లూస్‌బ్రేకర్స్' బ్యాండు. అందులో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్. అతన్ని దేవుడంటూ అభిమానులు లండన్ గోడల మీద రాసిన కాలం అది. 1965లో క్లాప్టన్ కొన్నాళ్ళు దేశం విడిచి వెళితే ఆ ఖాళీలో పీటర్ కొద్ది కచేరీలు వాయించాడు. క్లాప్టన్ తిరిగి రాగానే ఇతన్ని పంపేశారు. 1966 వేసవిలో క్లాప్టన్ 'క్రీమ్' అనే కొత్త బ్యాండు పెట్టుకుని వెళ్ళిపోయాక మేయల్ మళ్ళీ పీటర్‌నే పిలిచాడు.

ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించుకోండి. వయసు పంతొమ్మిది. దేవుడు కూర్చున్న కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా ఉన్న జనం క్లాప్టన్ ఏడీ అని అడుగుతున్నారు. రికార్డింగుకి వెళితే నిర్మాత మైక్ వెర్నన్ కూడా అదే అడిగాడు. మేయల్ మాత్రం తొణక్కుండా, కంగారు పడొద్దు, అంతకంటే మంచివాడు దొరికాడు అన్నాడట. 1967లో వచ్చిన 'ఎ హార్డ్ రోడ్' ఆల్బమ్ విన్నాక ఎవరూ ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు.

అతని వాయింపులో ప్రత్యేకత ఏమిటని అడుగుతారేమో. నాకు సంగీతశాస్త్రం తెలియదు. విన్నవాడిగా చెబుతాను. అప్పటి కుర్రాళ్ళు వేగంలో పోటీ పడేవారు. పీటర్ వదిలేయడం నేర్చుకున్నాడు. ఒక స్వరం మీటి, మన వైణికులు తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టు దాన్ని లాగి, తర్వాత ఆగేవాడు. ఆ ఆగడంలోనే వినేవాడి గొంతులో ఏదో అడ్డుపడేది. బ్లూస్‌లో మహారాజులాంటి బి.బి. కింగ్ తనకు ఒళ్ళంతా చల్లటి చెమట పట్టించిన గిటారిస్టు పీటర్ ఒక్కడేనన్నాడు. ఆ మాట బి.బి. కింగ్ నోట రావడమంటే చిన్న విషయం కాదు.

మేయల్ ఒకసారి తన స్టూడియో సమయంలో కొంత పీటర్‌కి బహుమతిగా ఇచ్చాడు. పీటర్ ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఒకరు డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్, ఇంకొకరు బేస్ గిటారు వాయించే జాన్ మ్యాక్‌వీ. అక్కడ చేసిన ఒక వాద్యగీతానికి పేరు కావాల్సివస్తే, ఆ ఇద్దరి పేర్లూ కలిపి 'ఫ్లీట్‌వుడ్ మ్యాక్' అని పెట్టాడు. 1967లో సొంత బ్యాండు పెట్టినప్పుడు దానికీ అదే పేరు. తమాషా ఏమిటంటే, అప్పటికి మ్యాక్‌వీ ఆ బ్యాండులో చేరనే లేదు. మేయల్ దగ్గర నికరంగా జీతం వస్తోంది కదా, వదులుకోవడం ఎందుకని వెనకాడుతున్నాడు. 1967 ఆగస్టు 13న విండ్సర్ ఉత్సవంలో బ్యాండు మొదటి కచేరీ చేసినప్పుడు బేస్ వాయించింది వేరే మనిషి. కొన్ని వారాల తర్వాత మ్యాక్‌వీ వచ్చి తన పేరున్న బ్యాండులో తను చేరాడు.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉండేది. కచేరీకి జనం వచ్చేది పీటర్ కోసం. పాటలు రాసేవాడు, పాడేవాడు. రికార్డు కంపెనీ అతని పేరు కూడా కలిపి 'పీటర్ గ్రీన్స్ ఫ్లీట్‌వుడ్ మ్యాక్' అని అచ్చు వేసేది. అతనికి అది ఇష్టముండేది కాదు. బ్యాండుకి తన పేరు ఎందుకు పెట్టుకోలేదని అడిగితే, ఎప్పుడో ఒకనాడు నేను వెళ్ళిపోతాను, అప్పుడు మిక్‌కీ జాన్‌కీ ఏదో ఒకటి మిగలాలి కదా అన్నాడని మిక్ ఫ్లీట్‌వుడ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు అన్న మాట అది.

ఆ తర్వాత మూడేళ్ళు తిరుగులేదు. 1968లో 'బ్లాక్ మ్యాజిక్ వుమన్' రాశాడు. ఆ పాట చాలామందికి కార్లోస్ సంటానా పాటగానే తెలుసు. 1970లో సంటానా వాయించి అమెరికాలో మోగించాడు. రాసినవాడు పీటర్. 1968 చివర్లో 'ఆల్బట్రాస్' వచ్చి, 1969 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత వచ్చిన 'మ్యాన్ ఆఫ్ ది వరల్డ్', 'ఓ వెల్' రెండూ రెండో స్థానం దాకా వెళ్ళాయి. బీటిల్స్ వాళ్ళు తమ 'సన్ కింగ్' పాటకు స్ఫూర్తి 'ఆల్బట్రాస్' అని ఒప్పుకున్నారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ఆ తర్వాత కోట్ల రికార్డులు అమ్మింది కానీ, బ్రిటన్‌లో వాళ్ళ సింగిల్ మొదటి స్థానానికి వెళ్ళింది ఆ ఒక్కసారే. మా స్నేహితుడి ఇంట్లో సూది అరగదీసింది ఆ రికార్డునే.

పైకి అంతా వైభవమే. లోపల మనిషి మారుతున్నాడు. 'మ్యాన్ ఆఫ్ ది వరల్డ్' శాంతంగా సాగే పాట. అన్నీ ఉన్నవాడు నాకేమీ లేదని, అసలు పుట్టకపోయినా బాగుండేదని చెప్పుకునే పాట అది. జనం బాగుందని చప్పట్లు కొట్టారు. పాడుతున్నవాడు నిజమే చెబుతున్నాడేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. వేదిక మీదికి తెల్లటి పొడుగు అంగీ, మెడలో శిలువతో రావడం మొదలుపెట్టాడు. బయాఫ్రా యుద్ధంలో ఆకలితో ఎండిపోయిన పిల్లల్ని టీవీలో చూసి తట్టుకోలేకపోయాడు. మనం సంపాదించినదంతా దానం చేసేద్దాం, బతకడానికి సరిపడా ఉంచుకుంటే చాలని బ్యాండువాళ్ళతో అన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. అప్పుడప్పుడే నాలుగు డబ్బులు చూస్తున్న కుర్రాళ్ళు. 1970లో వచ్చిన 'గ్రీన్ మనలిషి' డబ్బును రాత్రిపూట మీదికొచ్చే దయ్యంలా చూపిన పాట. బ్యాండుకి అతను ఇచ్చిన చివరి పెద్ద పాట అదే.

1970 మార్చిలో జర్మనీ పర్యటనలో ఉండగా మ్యూనిక్‌లో కొందరు పరిచయస్తులు అతన్ని తమ ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు పుచ్చుకున్నాడు. ఆ రాత్రి వెళ్ళిన పీటర్ మళ్ళీ తిరిగి రాలేదని బ్యాండువాళ్ళు చెబుతారు. పీటర్ మాత్రం ఆ రాత్రి తాను చాలా మంచి సంగీతం వాయించానని చెప్పుకున్నాడు. ఏమైతేనేం, ఆ ఏడాది మే నెలలో బ్యాండు వదిలేశాడు. అప్పటికి వయసు 23.

ఇక్కడ డాక్టరుగా రెండు మాటలు చెప్పనివ్వండి. పీటర్‌కి తర్వాత స్కిజోఫ్రీనియా అని నిర్ధారణ చేశారు. మగపిల్లల్లో ఈ జబ్బు చాలామటుకు పద్దెనిమిది, ఇరవై అయిదు ఏళ్ళ మధ్యనే తల ఎత్తుతుంది. మత్తుమందులు దాన్ని ముందుకు లాక్కురాగలవు, ముదరబెట్టగలవు. అంతమాత్రాన ఒక్క రాత్రి మీద, ఒక్క ఇంటి మీద మొత్తం నేరం మోపలేం. ఇంకో మాట. జబ్బు ఉండబట్టే అంత గొప్పగా వాయించాడు అంటారు కొందరు. అది నిజం కాదు. గొప్పగా వాయించింది జబ్బు ముదరకముందు. జబ్బు అతని చేత గిటారు వదిలిపెట్టించింది. మేధావికీ పిచ్చివాడికీ ఆమడ దూరం లేదన్న మాట వినడానికి బాగుంటుంది. ఆ ఇంట్లో ఉండి అన్నం పెట్టే తల్లిని అడిగితే అసలు సంగతి చెబుతుంది.

బ్యాండు వదిలాక 1970 చివర్లో 'ది ఎండ్ ఆఫ్ ది గేమ్' అని ఒక్క ఆల్బమ్ చేశాడు. మాటల్లేని, పద్ధతి లేని వాయింపు. ఆట ముగిసింది అన్న పేరు చూసి అభిమానులు దిగులు పడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్యాండు అమెరికాలో తిరుగుతుండగా, ఇంకో గిటారిస్టు జెరెమీ స్పెన్సర్ హోటల్ గదిలోంచి పుస్తకాల కొట్టుకని బయటికి వెళ్ళి, ఒక మతబృందంలో కలిసిపోయి మళ్ళీ రాలేదు. కచేరీలు ఒప్పుకున్నారు, గిటారిస్టు లేడు, దివాలా తీసే పరిస్థితి. దిక్కుతోచక మిక్ పీటర్‌కి ఫోన్ చేశాడు. పీటర్ విమానమెక్కి వెళ్ళి, ఆ పర్యటన పూర్తయ్యేదాకా వాయించి, ఇంటికి వచ్చేశాడు. కీర్తి వద్దన్నాడు, డబ్బు వద్దన్నాడు. స్నేహితుడు ఆపదలో ఉంటే మాత్రం వద్దనలేదు.

తర్వాత అన్నీ ఒక్కొక్కటే వదిలించుకున్నాడు. అతని దగ్గర 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు ఉండేది. అందులో శబ్దాన్ని పట్టే అయస్కాంతం ఒకటి తిరగబడి ఉండటం వల్ల, డొల్లగా, దూరం నుంచి పిలిచినట్టు ఒక వింత నాదం పలికేది. ప్రపంచంలో ఆ గొంతు ఆ ఒక్క గిటారుకే ఉందనేవారు. దాన్ని గ్యారీ మూర్ అనే కుర్ర గిటారిస్టుకు మొదట వాయించుకోమని ఇచ్చాడు, తర్వాత తీసేసుకోమన్నాడు. నా దగ్గర అంత డబ్బు లేదని ఆ కుర్రాడంటే, నీ గిటారు అమ్మితే ఎంతొస్తే అంత ఇవ్వు అన్నాడు. తీరా తెచ్చి ఇస్తే, తను కొన్న ధరకు మించి ముట్టుకోలేదు. అది మంచి మనిషి చేతిలో ఉండాలన్నదే అతని పట్టింపు.

ఆ తర్వాత శ్మశానంలో గోతులు తవ్వే పని చేశాడు. ఆసుపత్రిలో రోగుల్ని తోసుకెళ్ళే పని చేశాడు. తర్వాత తనే రోగిగా ఆసుపత్రుల్లో ఉన్నాడు. కరెంటు చికిత్స కూడా ఇచ్చారు. 1973లో 'ఆల్బట్రాస్'ను మళ్ళీ విడుదల చేస్తే బ్రిటన్‌లో రెండో స్థానానికి వెళ్ళింది. అప్పటికి దాన్ని సృష్టించినవాడి చేతిలో గిటారు లేదు.

1977 సంవత్సరం ఒక్కటి చూద్దాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్' ఆల్బమ్ విడుదల చేసింది. అప్పటికి అందులో పాతవాళ్ళు మిగిలింది మిక్, జాన్ ఇద్దరే. పాటలు కొత్తవాళ్ళవి, తీరు కొత్తది. ఆ ఆల్బమ్ ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది పీటర్ గ్రీన్ తన లెక్కలు చూసే అకౌంటెంటును తుపాకీ పేరు చెప్పి బెదిరించాడన్న కేసులో అరెస్టయ్యాడు. గొడవ దేనికంటే, తన పాటల తాలూకు డబ్బు తనకు పంపడం ఆపమని. అక్కణ్ణుంచి మానసిక చికిత్సాలయానికి పంపారు. అతను పెట్టిన పేరు ఆ ఏడాది ప్రపంచమంతా మారుమోగింది. ఎప్పుడో అన్నట్టుగానే, అతను వెళ్ళాక మిక్‌కీ జాన్‌కీ ఏదో ఒకటి మిగిలింది.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడ ఆగిపోతుంది. అయ్యో పాపం అని పుస్తకం మూసేస్తాం. కానీ పీటర్ గ్రీన్ ఆ తర్వాత ఇంకో 43 ఏళ్ళు బతికాడు. నాకు కావలసిన కథ అక్కడే ఉంది.

1979లో 'ఇన్ ది స్కైస్' అనే ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. అందులో ముఖ్యమైన గిటారు చాలా భాగం స్నోయీ వైట్ అనే ఇంకో కళాకారుడి చేత వాయించి, తను పక్కన ఉన్నాడు. అదే ఏడాది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'టస్క్' ఆల్బమ్‌లో 'బ్రౌన్ ఐస్' పాటకు కాస్త గిటారు వాయించాడు. రికార్డు మీద అతని పేరు లేదు. తర్వాత కొన్ని ఆల్బమ్‌లు వచ్చాయి, మళ్ళీ ఆగిపోయాడు. గోళ్ళు గిటారు పట్టుకోవడానికి వీల్లేనంత పొడుగు పెరిగిపోయిన రోజులున్నాయి.

1990ల మధ్యలో నైజెల్ వాట్సన్ అనే పాత మిత్రుడు దగ్గరికి తీశాడు. 1971లో అమెరికాకు పీటర్ వెంట వెళ్ళినవాడు ఇతనే. పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి నేర్పినట్టు మళ్ళీ మొదటి నుంచి గిటారు మీద చేతులు పెట్టించాడు. అలా 'స్ప్లింటర్ గ్రూప్' అనే బ్యాండు తయారైంది. చిన్నప్పుడు తను ఆరాధించిన రాబర్ట్ జాన్సన్ రికార్డు చేసిన 29 పాటల్నీ రెండు ఆల్బమ్‌ల్లో పాడాడు. 2004 దాకా ఆ బ్యాండుతో ఊరూరా తిరిగాడు. పాత పదును రాలేదు. వేళ్ళు నెమ్మదించాయి, గొంతు బరువెక్కింది. మందుల వల్ల మనసు ఒకచోట నిలవడం కష్టమని తనే చెప్పుకున్నాడు. నేను ఆ రికార్డులు విన్నాను. 1968 నాటి పీటర్‌తో పోల్చి చూస్తే నిరాశే. పోల్చకుండా వింటే, పెద్ద జబ్బు చేసి లేచిన మనిషి తన వీధి చివరిదాకా నడిచి వచ్చినట్టుంటుంది. ఆ నడక విలువ ఎంతో నాలాంటి డాక్టరుకి తెలుసు.

1998 జనవరిలో న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌ను, సంటానాను ఒకే రాత్రి సన్మానించారు. ఆ రాత్రి పీటర్ తను వదిలేసిన బ్యాండుతో కాక, సంటానా పక్కన నిలబడి 'బ్లాక్ మ్యాజిక్ వుమన్' వాయించాడు.

2020 ఫిబ్రవరి 25న లండన్ పల్లాడియం హాల్లో మిక్ ఫ్లీట్‌వుడ్ ఒక పెద్ద కచేరీ ఏర్పాటు చేశాడు. విషయం ఒక్కటే, పీటర్ గ్రీన్ పాటలు. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్ వచ్చాడు. ది హూ పీట్ టౌన్షెండ్ వచ్చాడు. 86 ఏళ్ళ వయసులో జాన్ మేయల్ వచ్చాడు. హోటల్ గదిలోంచి వెళ్ళిపోయిన జెరెమీ స్పెన్సర్ కూడా వచ్చాడు. ఆ పాత గిటారు చేతులు మారి మారి మెటాలికా బ్యాండు కర్క్ హామెట్ దగ్గరికి చేరింది కదా, అతను దాన్ని తీసుకునే వచ్చాడు. పీటర్ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ నిష్ఠూరమాడలేదు. రాకపోయినా ఆ రాత్రంతా అతనిదే. అయిదు నెలల తర్వాత, జులై 25న, 73వ ఏట నిద్రలోనే కన్నుమూశాడు.

కార్యదర్శి గారు అడిగిన మాట ఇప్పుడు చెబుతాను.

నాకు 'ఆల్బట్రాస్' వినిపించిన మా క్లాసువాడి సంగతి. 1976 వార్షికోత్సవంలో వాడు గిటారు వాయించాడు. మన లెక్కల మాస్టారు తాళం వేశారు, చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాడు పాలిటెక్నిక్‌లో చేరాడు, నేను మెడిసిన్‌లో చేరాను. రెండో ఏడాదిలో వాడు చదువు మానేశాడని తెలిసింది. ఎవరో వెంటపడుతున్నారంటున్నాడని, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని, మతి చెడిందని మనవాళ్ళే చెప్పుకున్నారు. 1981లో ఒకరోజు నన్ను వెతుక్కుంటూ హాస్టలుకు వచ్చాడు. కిటికీలోంచి చూశాను. గడ్డం పెరిగి ఉంది, తనలో తను మాట్లాడుకుంటున్నాడు. నాకు భయమేసింది. పక్క గది కుర్రాడితో "లేడని చెప్పరా" అన్నాను. వాడు గేటు దగ్గర చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అప్పటికి నేను డాక్టరు చదువు సగం చదివాను.

ఆ తర్వాత నేను ఈ శాఖ ఎంచుకోవడానికి అదే కారణమని చెబితే కథ బాగుంటుంది. అది నిజం కాదు. నాకు వచ్చిన సీటు అది. కానీ ఈ ముప్పై ఐదేళ్ళలో నా ఓ.పి. గదికి వచ్చిన ప్రతి ఇరవై ఏళ్ళ కుర్రాడిలోనూ ఆ గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి చూశాను.

పీటర్ స్నేహితులు కూడా మొదట్లో ఏమీ చేయలేకపోయారు. వాళ్ళకూ తెలియలేదు, వాళ్ళూ భయపడ్డారు. కానీ వాళ్ళు రెండు పనులు చేశారు. ఈ బ్యాండు అతనిది అని చెప్పడం యాభై ఏళ్ళూ మానలేదు. వాళ్ళలో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆలస్యంగానైనా కూర్చున్నాడు. జబ్బుకి మందు మేమిస్తాం. ఆ రెండోది మా మందుల చీటీలో ఉండదు.

స్కిజోఫ్రీనియా ప్రపంచంలో దాదాపు 300 మందిలో ఒకరికి వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కన మూడు వేల మంది పూర్వ విద్యార్థులుంటే వాళ్ళలో పదిమంది ఉండాలి. ఈ హాల్లో వాళ్ళు ఉన్నారా? ఇలాంటి సభలకు రానివాళ్ళే వాళ్ళు. వస్తే "ఏం చేస్తున్నావురా? పిల్లలెంతమంది? ఎక్కడ సెటిలయ్యావు?" అని అడుగుతాం కదా. అందుకే రారు.

నాలుగేళ్ళ క్రితం మా వాడి ఆచూకీ తెలుసుకుని వెళ్ళాను. వాళ్ళ అక్కయ్య ఇంట్లో ఉంటున్నాడు. ఈ మాటలు ఇక్కడ చెప్పడానికి వాడి దగ్గరా, అక్కయ్య దగ్గరా అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు, చెప్పను. వాడు నా పేషెంటు కాదు. చాలా ఏళ్ళుగా ఇంకో డాక్టరు గారి దగ్గర మందులు వాడుతున్నాడు, బాగానే ఉన్నాడు. 1981 సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. "నువ్వు గదిలోనే ఉన్నావని నాకు తెలుసురా, కిటికీలో కనబడ్డావు" అన్నాడు. నవ్వాడు కూడా. ఇప్పటికీ ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తున్నాడు, వెనక వరుసలో. ఇవాళ రమ్మని అడిగాను. "జనంలోకి రాలేనురా, మీరు చేసుకోండి" అన్నాడు. సరేనన్నాను.

నా మనవి ఒక్కటే. సావనీరు చివర బ్యాచ్‌ల వారీగా చిరునామాలు వేస్తున్నారు. కొన్ని పేర్ల ఎదురుగా 'వివరాలు తెలియవు' అని ఉంది. మా బ్యాచ్ జాబితాలోనూ ఒకటి ఉండేది. వాడి ఒప్పుదలతో నిన్న కార్యదర్శి గారికి రాసిచ్చాను. ఈ సావనీరు అచ్చుకు వెళ్ళేలోగా ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరేసి పూనుకుని మిగిలినవి కూడా వెతకండి. దొరికితే సభకు రమ్మని బలవంతం చేయొద్దు. మీరే వెళ్ళండి. ఏం చేస్తున్నావని అడగకండి. పాత సంగతులు మాట్లాడండి, వాళ్ళు పెట్టిన టీ తాగి రండి. మళ్ళీ వెళ్ళండి.

వచ్చే ఆదివారం సాయంత్రం నేను మా వాడి ఇంటికి వెళుతున్నాను. లెక్కల మాస్టారు కూడా వస్తానన్నారు. వాడు 'ఆల్బట్రాస్' వాయిస్తానని మాటిచ్చాడు. ఈసారి సూది అరిగే భయం లేదు.